జబ్బును ముందు చూసేదెవరు?

పగడాల్ని ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచుకునే సరదా అమెరికాలోనూ ఐరోపాలోనూ దశాబ్దాలుగా ఉంది. కాస్త డబ్బున్నవాళ్ల సరదా. ఉప్పునీళ్లు పాళ్లు చూసి కలుపుకోవాలి, ఎండను పోలిన లైట్లు బిగించుకోవాలి, నీటిలో కాల్షియం ఎంతుందో వారం వారం కొలుచుకోవాలి. వీళ్లలో అక్రోపోరా జాతి పగడాలు పెట్టుకున్నవాళ్లకు ఒక పీడ పట్టుకుంది. పగడం రంగు వెలిసిపోయేది. ఒంటి మీద గుండ్రంగా కొరికిన గుర్తులు కనిపించేవి. కొన్నాళ్లకు తెల్లటి గూడు మాత్రం మిగిలేది. పగడాన్ని తొట్టిలోంచి తీసి, గట్టిగా నీళ్లు చిమ్మి చూస్తే, దాని రంగులోనే కలిసిపోయిన చదునైన పురుగొకటి ఊడి పడేది.

ఆ పురుగుకు అప్పటికి శాస్త్రంలో పేరు లేదు. ఏ సముద్రంలోనూ దాన్ని చూసినట్టు రికార్డు లేదు. అది గుడ్లు ఎక్కడ పెడుతుందో, ఎలాంటి మందుస్నానానికి ఊడిపోతుందో పెంచుకునేవాళ్లే గమనించి ఒకరికొకరు చెప్పుకున్నారు. చివరికి 2011లో కేట్ రాలిన్సన్ బృందం దాన్ని వర్ణించి 'అమకుసాప్లానా అక్రోపోరే' అని పేరు పెట్టింది. పగడాల పెంపకం మీద అభిరుచిదారులకు పుస్తకం రాసిన ఎరిక్ బోర్నెమాన్ కూడా ఆ బృందంలో ఉన్నాడు. ఆ మరుసటి ఏడాది అదే పురుగు ఆస్ట్రేలియాలో, గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ ఐలాండ్ దగ్గర, సముద్రంలో దొరికింది. అంటే శాస్త్రం దాన్ని ముందు తొట్టిలో చూసింది, తర్వాత సముద్రంలో చూసింది.

జబ్బు గురించిన పరిశోధనలో, చదువుకుని ఉద్యోగంగా చేసేవాళ్లతో పాటు, రోజూ ఆ ప్రాణిని చూస్తూ ఉండేవాళ్లకు చోటుందా? ఉంటే ఎంత? వాళ్ల మాట ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు? ఈ ప్రశ్నకు పగడాల లోకంలో కొంత జవాబు దొరుకుతుంది. ఆశ్చర్యమేమిటంటే, అంతకంటే మంచి జవాబు మన పశ్చిమగోదావరి జిల్లాలో ఇరవై ఏళ్ల కిందటే దొరికింది. దాన్ని మనం మర్చిపోయాం.

ముందు పగడాల సంగతి ముగిస్తాను. అభిరుచిదారులు 'బ్రౌన్ జెల్లీ' అని పిలుచుకునే జబ్బొకటి ఉంది. సాయంత్రం బాగున్న పగడం తెల్లారేసరికి గోధుమరంగు జిగురుగా మారి జారిపోతుంది. ఆ జిగురును మైక్రోస్కోపు కింద పెడితే నూగు కదిలిస్తూ ఈదే ఏకకణ జీవులు కుప్పలుగా కనిపిస్తాయి, వాటి కడుపులో పగడం కణాలు ఉంటాయి. బ్రిటన్‌లో మైఖేల్ స్వీట్, ఆయన సహచరులు 2012లో తొట్లలోని రోగాల్నీ సముద్రంలోని రోగాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. తొట్టిలో కనిపించే లక్షణాలకు సముద్రంలో దగ్గరి బంధువులున్నాయని తేలింది. ఐతే ముందు బాక్టీరియా దాడి చేసి పుండు పడితే ఈ జీవులు వచ్చి చేరతాయా, లేక ఇవే మొదటి నేరస్థులా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఫ్లోరిడాలో 2014లో మయామీ దగ్గర మొదలైన పగడాల రోగం ఇంకా పెద్ద కథ. ఇరవైకి పైగా పగడపు జాతుల్ని పట్టి, మాంసాన్ని ఊడదీసి, కరీబియన్ దీవుల దాకా పాకింది. దానికి కారణమైన క్రిమి ఏదో ఇప్పటికీ తేలలేదు. అమాక్సిసిలిన్ కలిపిన లేపనాన్ని గజ ఈతగాళ్లు నీటి అడుగుకు వెళ్లి పుండు అంచున పూస్తున్నారు. కొన్నిచోట్ల ఫలిస్తోంది. రోగం చేరకముందే ఆరోగ్యంగా ఉన్న పగడాల్ని తీసి, దేశం లోపలి అక్వేరియాలకూ జంతుప్రదర్శనశాలలకూ తరలించి దాచారు. పగడాన్ని సముద్రానికి దూరంగా బతికించే విద్యలో చాలా భాగం ఇళ్లలో తొట్లు పెట్టుకున్నవాళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. ఈ మాట అనడానికి శాస్త్రవేత్తలు కూడా మొహమాటపడరు.

మన దేశంలో ఈ దారి చట్టరీత్యా మూసుకుపోయింది. రాతి పగడాల్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. మన్నార్ సింధుశాఖ నుంచి ముక్క విరుచుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటే జైలే. అది మంచి చట్టం, మార్చమని అడగను. ఎలాగూ గోదావరి ఏటా మోసుకొచ్చే బురదకీ మంచినీళ్లకీ మన డెల్టా అంచున పగడపు దిబ్బలు పెరగవు. కానీ నీటిలో ప్రాణిని పెట్టి పొద్దున్నా సాయంత్రం దాని మొహం చూసి బతికేవాళ్లు భూమి మీద ఎక్కడైనా ఇంత చిక్కగా ఉన్నారా అంటే అనుమానమే. భీమవరం, ఆకివీడు, ఉండి, పాలకొల్లు, కైకలూరు. చెరువు మీద చెరువు.

తెల్లమచ్చల వైరస్ మన తీరానికి వచ్చింది 1994-95లో. అంతకు ముందు రెండేళ్లు తైవాన్, చైనాల్ని ఊడ్చేసి వచ్చింది. అప్పట్లో వేసేది టైగర్ రొయ్య. రొయ్యలు గట్టు వారకి చేరి నీరసంగా తేలతాయి, కాకులూ కొంగలూ గట్టు మీద దిగుతాయి, తల పెంకు ఊడదీసి వెలుగులో పెట్టి చూస్తే లోపలివైపు తెల్లటి చుక్కలు. అక్కణ్ణించి వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ. పక్క చెరువుకు వెళ్లాలంటే ఒక కాకి చాలు. గట్టు మీద కాకుల లెక్క చూసి జబ్బు వచ్చిందని చెప్పగలిగిన రైతులు అప్పుడు ఊరికి పదిమంది ఉండేవారు. కానీ వాళ్లు చెప్పింది కాగితం మీదికి ఎక్కలేదు. ఎక్కిందల్లా అప్పులు.

2000లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా), బ్యాంకాక్‌లోని ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ సంస్థల సమాఖ్య (నాకా) కలిసి ఒక పని మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 365 చెరువుల్ని ఎంచుకున్నారు. చెరువు ఎండగట్టింది మొదలు పట్టుబడి దాకా ఏం జరిగిందో వెంట ఉండి రాసుకున్నారు. అడుగు నల్లమట్టి తీశారా లేదా, రొయ్యపిల్లకు వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయించారా, ఏ నెలలో వేశారు, నీళ్లు తోడేటప్పుడు జల్లెడ కట్టారా, పక్కవాడి చెరువు పోతే ఆ నీళ్లు ఏ కాలువలోకి వదిలాడు. ఇందులో కొత్త యంత్రాలేమీ లేవు. రైతుకు తెలిసినవే. కానీ ఒక్క తేడా ఉంది. పోయిన చెరువులతో పాటు పోని చెరువుల్ని కూడా రాశారు.

ఈ ఒక్క తేడా దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం ప్రశ్న ఇక్కడే ఉంది. జబ్బు వచ్చిన చెరువుల్లో నూటికి ఎనభై ఫలానా హేచరీ పిల్ల వేశాయని అనుకుందాం. పిల్లే కారణమని ఊరంతా అంటుంది. బాగున్న చెరువుల్లో కూడా నూటికి ఎనభై అదే హేచరీ పిల్ల వేశాయని తెలిస్తే? నేరం మరెక్కడో ఉంది. అనుభవజ్ఞుడైన రైతుకు పోయిన పంట ప్రతి రోజూ గుర్తుంటుంది, బాగా పండిన పంట గుర్తుండదు. పగడాలు పెంచేవాళ్లదీ అదే జబ్బు. చచ్చిన పగడం ఫొటోలు వందల్లో తీసుకుంటారు, పక్కనే బతికి ఉన్న పగడం గురించి ఒక్క ముక్కా రాయరు. మనిషి కన్ను జబ్బును ముందు పట్టుకుంటుంది, నిజమే. కారణాన్ని పట్టుకోవాలంటే మాత్రం ఆరోగ్యాన్ని కూడా లెక్కలో వేయాలి.

365 చెరువుల లెక్కలోంచి బయటపడినవి నాటకీయమైన సంగతులేం కావు. వైరస్ ఒక్కటే పంట తీయదు. అడుగు మురికి, వేసే కాలం, పిల్ల నాణ్యత, నీళ్ల జల్లెడ, పొరుగువాడి ప్రవర్తన అన్నీ కలిస్తేనే పంట పోతుంది. వీటిలో చాలావరకు రైతు చేతిలో ఉన్నవే.

2002లో ఈ ఫలితాల్ని పట్టుకుని పశ్చిమగోదావరిలో మొగల్తూరు వెళ్లారు. కృష్ణంరాజు, చిరంజీవిల ఊరుగా అందరికీ తెలుసు. ఆక్వా ప్రపంచంలో ఆ ఊరికి వేరే పేరుంది. అక్కడ మొదటి ఏడు ముందుకొచ్చింది అయిదుగురు రైతులు, 10 చెరువులు, మొత్తం 7 హెక్టార్లు. 2003 నాటికి 58 మంది రైతులు, 108 చెరువులు అయ్యారు. 2004కి 130 మంది, 254 చెరువులు. ఒకే కాలువ మీద ఉన్నవాళ్లు 'ఆక్వా క్లబ్' కట్టుకున్నారు. అందరూ ఒకేసారి పిల్ల వేస్తారు, హేచరీతో కలిసి బేరమాడతారు, ఎవరి చెరువులో అనుమానం వచ్చినా మిగతావాళ్లకి చెప్పి గానీ నీళ్లు వదలరు. ఈ పని నచ్చి 2007లో ఎంపెడా కాకినాడ కేంద్రంగా 'నాక్సా' అనే సంస్థనే పెట్టింది. చిన్న రైతుల సంఘాలు దాని కింద నమోదయ్యాయి.

కరోనా నాటి నుంచీ పౌరశాస్త్రం (సిటిజన్ సైన్స్) అన్న మాట పేపర్లలో బాగా వినిపిస్తోంది. మొగల్తూరు రైతులు ఆ మాట మన దాకా రాకముందే ఆ పని చేశారు. జబ్బు పరిశోధనలో సామాన్యుడి పాత్ర గురించి రాసేవాళ్లు ఫ్లోరిడాకి ఎగిరే ముందు నరసాపురం బస్సు ఎక్కితే బాగుంటుంది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కథ మారింది. రోగరహిత తల్లిరొయ్యల్ని దిగుమతి చేసుకుని చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి హేచరీలకిచ్చారు. చదరపు మీటరుకు వేసే పిల్ల పెరిగింది, ఏరియేటర్లు వచ్చాయి, లీజులు పెరిగాయి, ఎకరాకు పెట్టుబడి లక్షల్లోకి వెళ్లింది. క్లబ్బు పోయి కన్సల్టెంటు వచ్చాడు. అదే ఏడాది థాయిలాండ్‌లో శాస్త్రవేత్తలు రొయ్యల్లో చేరే ఒక సూక్ష్మజీవికి పేరు పెట్టారు. దాన్ని మన రైతులు ఈహెచ్‌పీ అంటారు.

ఈహెచ్‌పీ చంపదు. దాని దుర్మార్గమంతా అక్కడే ఉంది. తెల్లవారుజామున చెక్ ట్రే పైకి లాగండి. మేత అంతా తినలేదు, సగం మిగిలింది. రొయ్యల్ని అరచేతిలో వేసుకుంటే ఒకటి పన్నెండు గ్రాములు, పక్కది ఆరు. రెండూ ఒకే రోజు వేసిన పిల్లలే. ఒకదాన్ని తోక పట్టుకుని ఉదయపు వెలుతురుకు ఎదురుగా పెట్టండి. వీపు మీదుగా నల్లటి దారంలా కనిపించాల్సిన పేగు పాలిపోయి, మధ్యమధ్య తెగి ఉంటుంది. గాలివాలు మూలన నీటి మీద తెల్లటి పోగులు తేలుతుంటాయి. రైతు దాన్ని వైట్ గట్ అంటాడు. వైట్ గట్‌కు ఈహెచ్‌పీ ఒక్కటే కారణం కాదు, విబ్రియో బాక్టీరియాలదీ పాత్ర ఉంది. రైతు నోట వచ్చే మొదటి మాట మాత్రం 'కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) రావట్లేదండి' అని. ఇదే అసలైన రోగ నివేదిక. చావుల్ని మాత్రమే లెక్కపెట్టే ఏ నిఘా వ్యవస్థా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే చచ్చినవేం లేవు. రైతు మేత పుస్తకం పట్టుకుంటుంది: ఇన్ని కిలోల మేతకు ఇన్ని కిలోల రొయ్య రావాలి, రాలేదు.

ఆ పుస్తకం దాదాపు ప్రతి చెరువు షెడ్డులోనూ మేకుకు వేలాడుతూ ఉంటుంది. పంట పట్టగానే చిత్తుకాగితాల్లోకి పోతుంది. మన డెల్టాలో ఏటా తగలబడిపోతున్న గ్రంథాలయం అదే.

మరి ఎందుకు ఇవి పరిశోధన దాకా చేరవు? శాస్త్రవేత్తలకు పొగరు అని గట్టు మీద అంటారు, రైతులు చెప్పరు అని కార్యాలయాల్లో అంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ అసలు అడ్డం వేరు. మొదటిది మందు. అనుమానం రాగానే షాపు నుంచి మూడు డబ్బాలు వస్తాయి. మినరల్స్, ప్రోబయాటిక్, పేరు చెప్పని పొడి. అన్నీ కలిపి చల్లాక, వారానికి నమూనా ల్యాబుకు వెళ్తుంది. అప్పుడు కనిపించేది జబ్బో మందో ఎవరూ చెప్పలేరు. పగడాల తొట్టిలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, అయోడిన్ ఒకరు, యాంటీబయాటిక్ ఒకరు. రెండోది ధర. నా చెరువులో ఈహెచ్‌పీ ఉందని నోరు జారితే ఆ సాయంత్రానికే కొనుగోలుదారు కిలోకి ఇరవై కోస్తాడు. నిజం చెప్పినవాడికి జరిమానా, దాచినవాడికి బహుమతి అయినచోట సమాచారం పుట్టదు. మూడోది, ల్యాబుల నుంచి వచ్చే చీటీ. పాజిటివ్, నెగటివ్ అని ఒక ముక్క రాసి ఇస్తారు. అది రైతు జేబులో తడిసి చిరిగిపోతుంది. ఒక కాలువ కింద ఉన్న వంద చీటీల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మ్యాపు వస్తుంది, చీటీలు వేటికవే మిగిలితే ఏమీ రాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2013లో జల ప్రాణుల రోగాల జాతీయ నిఘా కార్యక్రమం మొదలైంది, లక్నోలోని జాతీయ చేపల జన్యువనరుల సంస్థ దాన్ని నడుపుతోంది. 2023లో 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' అనే మొబైల్ యాప్ తెచ్చారు. రైతు ఫొటో తీసి పంపితే నిపుణుడు సలహా చెబుతాడు. ఆలోచన మంచిదే. కానీ ఈ యాప్ పేరులోనే ఉంది చూడండి, జబ్బు వస్తేనే చెప్పాలి. బాగున్నవాడు తెరవనవసరం లేదు. 365 చెరువుల పాఠం ఇందులోకి చేరలేదు.

చేపల విషయంలో మన అనుభవం ఇంకా పాతది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లోకి దిగిన పుండ్ల జబ్బు తొంభైల మొదట్లో కొల్లేరుకు చేరింది. వరద తీసి, చలి మొదలయ్యే రోజుల్లో కొర్రమీను ఒంటి మీద ఎర్రటి మచ్చ, తర్వాత లోతైన పుండు. అప్పట్లో జనం చేపలు తినడమే మానేశారు. ఇది ఫలానా కాలంలోనే వస్తుందనీ, వరి చేలల్లో తిరిగే చేపకు ముందు వస్తుందనీ వలవాళ్లు ఏళ్ల తరబడి చెప్పారు. దానికి అసలు కారణం అఫనోమైసిస్ అనే బూజు లాంటి జీవి అని శాస్త్రం స్థిరపరచడానికి జపాన్‌లో మొదటిసారి కనిపించిన 1971 నుంచి రెండు దశాబ్దాలు పట్టింది. కాలం గురించి వలవాడు చెప్పింది నిజమే. కారణం గురించి వలవాడు చెప్పింది, అంటే పైనుంచి వచ్చే ఎరువుల నీళ్లని, తప్పు. ఇలాంటి కథల్లో ఈ పంపకం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నలకు గట్టు మీదివాణ్ణి నమ్మండి. ఎందుకు అన్న ప్రశ్నకు ల్యాబుకు వెళ్లండి.

ఇక మన ఇళ్లలోని అద్దాల తొట్లు. రాజమండ్రిలో, భీమవరంలో అక్వేరియం షాపులు వీధికొకటి వచ్చాయి. గోల్డ్‌ఫిష్, కోయి, ఫైటర్, ఫ్లవర్‌హార్న్. వీటిని పెంచేవాళ్లు జబ్బుల పరిశోధనకు ఏమైనా చేయగలరా? ప్రపంచంలో చేశారు. కోయి చేపల్ని గుంపులుగా చంపిన హెర్పీస్ వైరస్ 1998లో ఇజ్రాయెల్, అమెరికాల కోయిల్లోంచే శాస్త్రవేత్తల చేతికి చిక్కింది. మన దేశంలో మంచినీటి అలంకార చేపల పెంపక కేంద్రాల్లో వైరస్ రోగం విజృంభించినట్టు మొదటి ఆధారం 2016లో గోల్డ్‌ఫిష్‌లో దొరికింది, అదీ హెర్పీస్ జాతి వైరసే. ఆ చేపల్లో పలు యాంటీబయాటిక్స్‌కు లొంగని బాక్టీరియా కూడా ఉంది. తొట్టిలో చచ్చిన గోల్డ్‌ఫిష్‌ని టాయిలెట్లో వేసి నీళ్లు పోసే ప్రతి ఇల్లూ ఇలాంటి ఒక ఆధారాన్ని పారేస్తోంది.

అభిరుచిదారుల ఖాతాలో అప్పు కూడా ఉంది. అద్దం మీద నాచు తింటుందని కొనుక్కున్న సక్కర్ చేప పెద్దదయ్యాక చెరువులోనో కాలువలోనో వదిలేశారు. ముళ్ల కవచంతో ఉన్న ఆ చేప ఇప్పుడు వలల్ని చీలుస్తోంది. మన వలవాళ్లు దాన్ని దెయ్యం చేప అంటారు. తూర్పు కనుమల జలాశయాల్లో అది ఎంత దూరం పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలిన డీఎన్ఏ జాడను బట్టి చూశారు. చీలిన వలతో ఒడ్డుకొచ్చిన జాలరికి ఆ సంగతి అంతకు ముందే తెలుసు.

నీళ్ల వెంట ప్రాణులు పాకే సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ పట్టిసీమ ఎత్తిపోతల మాట రావాలి. వీరభద్రస్వామి గుడి ఉన్న లంకకు ఎదురుగా 24 పంపులు గోదావరి నీళ్లను తోడి 8,500 క్యూసెక్కుల దాకా పోలవరం కుడి కాలువలో పోస్తాయి. 2015 నుంచి ఈ నీళ్లు బుడమేరు మళ్లింపు కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. కృష్ణా కాలువల కింద కైకలూరు చేపల చెరువులున్నాయి. రెండు నదుల్ని కలిపినప్పుడు ఇంజనీర్లు నీళ్లు లెక్కపెట్టారు. నీళ్లతో పాటు గుడ్లు, పిల్లలు, పురుగులు, వాటి రోగాలు కూడా ప్రయాణం చేస్తాయి. ఇలాంటి చోట కాలువకు రెండు కొసల్లోనూ వలలు వేసేవాళ్లే మొదటి కాపలాదార్లు. పట్టిసీమ రేవులోనూ ఇబ్రహీంపట్నంలోనూ ఏ నెలలో ఏ పుండు చేప పడిందో రాసుకునే పుస్తకం పెడితే దానికయ్యే ఖర్చు ఒక పంపు ఒక గంట కరెంటు బిల్లుకు మించదు.

యాంటీబయాటిక్స్ గురించి ఒక్క మాట. ఇంట్లో పగడానికి బాగైందని అభిరుచిదారుడు చెబితే, చెరువులో బాగైందని రైతు చెబితే, మిగతావాళ్లు వెంటనే అదే వేస్తారు. ఆ మందుల ఆనవాళ్ల కోసం 2016లో ఐరోపా మన రొయ్యల సరుకుల్లో సగానికి సగం పరీక్షించడం మొదలుపెట్టింది. అంతకు ముందు పదో వంతు పరీక్షించేవాళ్లు. సామాన్యుడి పరిశీలనకు నేను ఓటు వేస్తాను, సామాన్యుడి వైద్యానికి వేయను.

రైతులకైనా తొట్టి పెట్టుకున్నవాళ్లకైనా చేయదగ్గ పని చిన్నదే. అనుమానం వచ్చిన రోజునే, మందు వేయకముందే, చావబోతున్న నాలుగైదింటిని తీయండి. చచ్చి కుళ్లినవి పనికిరావు, వాటిలో కనిపించేది కుళ్లు క్రిమే. 95 శాతం ఆల్కహాలున్న సీసాలో వేసి తేదీ రాయండి. పక్క చెరువు బాగుంటే అందులోంచి కూడా నాలుగు తీసి వేరే సీసాలో పెట్టండి. పీసీఆర్‌కు ఈ రెండో సీసా మొదటిదానంత అవసరం. మేత పుస్తకం పారేయకండి. తొట్టిలోని ప్రాణి ఏదైనా, బతికున్నా చచ్చినా, కాలువలోకి వదలకండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. జబ్బు చెప్పిన రైతు పేరు, చెరువు నంబరు కొనుగోలుదారుకు చేరకుండా గోప్యంగా ఉంచే నిబంధన కావాలి. అది లేనంత కాలం ఎన్ని యాప్‌లు తెచ్చినా ఖాళీగానే ఉంటాయి. రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయానికి 2020లో చట్టం చేసి నరసాపురాన్ని కేంద్రంగా ఎంచుకున్నారు. నరసాపురం, మొగల్తూరు పక్కపక్క మండలాలు. 365 చెరువుల పనిని ఈసారి వనామీ మీద, ఈహెచ్‌పీ మీద మళ్లీ మొదలుపెట్టడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు.